నలభై ఒక్క చుక్కల కోసం మూడు ఊళ్ళు

ఇది ఒక మహాయాత్ర కథ. ఇందులో గోదావరిని దాటడం ఉంది. కొన ఊపిరితో ఉన్న యంత్రానికి ప్రాణం పోయగల చిప్పు ఒకటుంది. ఆ చిప్పుకి ఏటేటా బొట్టు పెట్టి పూజ చేసిన మనిషి ఉన్నాడు. ఎప్పుడో పోయిన ఒక ముసలావిడ చేతిలోంచి జారిపోబోతున్న విద్యను కాపాడటం ఉంది. కాస్త సర్దుకుని కూర్చోండి.

అక్కర్లేదు, మామూలుగానే కూర్చోండి. మేం వెళ్ళింది తుని నుంచి పెనుగొండ దాకా. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అందుకోగల దూరం. దానికి మూడు రోజులు పట్టిందంటే తప్పు దూరానిది కాదు. యంత్రం కూడా కొన ఊపిరితో ఏమీ లేదు. నెమ్మదిగా ఉండేది, అంతే.

తుని: బయల్దేరక ముందు

మా బాబాయి హైస్కూల్లో లెక్కల మాస్టారు. మూడు తరాలుగా కిరాణా కొట్టు మీద కూర్చున్న మా ఇంట్లో, కూర్చోకుండా తప్పించుకున్న మొదటి మనిషి. తునిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మూసేస్తుంటే అందులో త్రీ ఎయిటీ సిక్స్ అనే రకం కంప్యూటర్ ఒకటి కొని రిక్షాలో ఇంటికి తెచ్చాడు. వీధిలో వాళ్ళంతా టీవీ అనుకుని ఆదివారం సినిమాకి వచ్చారు. సినిమా రాదని చెబితే, తనొక్కడే చూసుకుందామని అబద్ధం చెబుతున్నాడనుకున్నారు.

నేను చెప్తున్న రోజులకి అందరూ కొత్తగా వచ్చిన పెంటియం త్రీల గురించి మాట్లాడుకుంటున్నారు. మా దాంట్లో మాత్రం రెండు మెగాబైట్ల మెమరీ, మదర్‌బోర్డు మధ్యలో ఒక నలుచదరపు ఖాళీ సాకెట్టు. ఆ సాకెట్లో కూర్చోవాల్సింది కోప్రాసెసర్ అనే చిప్పు. సైన్లు, కొసైన్లు, వంకర గీతల లెక్కలు అది గబగబా చేసిపెడుతుంది. అది లేకపోతే ఆ లెక్కలన్నీ అసలు ప్రాసెసరే వేళ్ళు మడిచి చేసుకోవాలి. కొన్న రోజు మా పిన్ని ఆ ఖాళీ చూసి "ఇదేంటండీ, పన్ను ఊడినట్టు?" అని అడిగింది. "తర్వాత కొందాం" అన్నాడు బాబాయి. ఏడేళ్ళయింది.

ఆ కంప్యూటర్ మీద బాబాయి ఏం చేసేవాడంటే, ముగ్గులు వేసేవాడు. అవును. పిన్ని కోసం సొంతంగా ప్రోగ్రామ్ రాశాడు. ఏ చుక్క దగ్గర గీత ఎడమకి తిరగాలో, ఎక్కడ కుడికి మళ్ళాలో, ఎక్కడ దాటాలో వరస తర్వాత వరస పిన్ని చెబుతుంది. బాబాయి రూళ్ళ నోటుబుక్కులో రాసుకుని, తర్వాత కీబోర్డు మీద కొడతాడు. కంప్యూటర్ మెలికలు తిప్పుతూ గీస్తుంది. అలా మూడు వందల పన్నెండు ముగ్గులు పోగయ్యాయి. మూడు వందల పన్నెండూ పిన్ని చేత్తో వేయగలిగినవే కాబట్టి, దీనివల్ల లోకానికి ఒరిగిందేమిటని నేను ఒకసారి అడిగాను. ఆ పూట నాకు పెరుగు వేయలేదు.

తర్వాత పిన్ని పెరట్లో బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది గానీ కొంచెం వంకరగా అతుక్కుంది. గరిటె తిప్పగలదు, తలుపు తీయగలదు. రెండు వేళ్ళ మధ్య ముగ్గుపిండి పట్టుకుని సన్నటి గీత మాత్రం వదల్లేదు.

ఆవిడ ఏడవలేదు. "మా అమ్మ ముగ్గు ఒక్కటీ ఆ పెట్టెలోకి ఎక్కించండి" అంది.

పిన్ని పుట్టిల్లు పెనుగొండ. వాళ్ళమ్మగారు వాకిట్లో పెద్ద పండగలకి నలభై ఒక్క చుక్కల మెలికల ముగ్గు వేసేదట. మధ్య వరసలో నలభై ఒక్క చుక్కలు, అటూ ఇటూ తగ్గుతూ ఇరవై ఒకటి దాకా, మొత్తం నలభై ఒక్క వరసలు, అన్నిటినీ చుట్టుకుంటూ ఎక్కడా తెగని ఒకే ఒక్క గీత. కాగితం మీద ఎవరూ దించుకోలేదు. వాళ్ళమ్మగారి తర్వాత అది తెలిసింది పిన్నికే. పిన్నికి కూడా బుర్రతో కాదు, చేత్తో తెలుసు. ఇప్పుడు ఆ చెయ్యి లేదు.

చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో వరస అయ్యేసరికి కంప్యూటర్ ముగ్గంతా మొదట్నుంచీ మళ్ళీ గీసేది. ఇరవయ్యో వరస దగ్గరికి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టేది. పిన్ని కుర్చీలో కూర్చుని చూసేది. గీయడం అయ్యేసరికి "ఇప్పుడు ఎటు తిరగాలబ్బా?" అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత నవ్వడం మానేసింది. ముప్ఫై మూడో వరస దగ్గర కంప్యూటర్ మెమరీ చాలదని చెప్పి చేతులెత్తేసింది.

"మరచిపోయేలోపు ఏదో ఒకటి చెయ్యండి" అంది పిన్ని.

బాబాయి మూడు రోజులు సెలవు పెట్టాడు. మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, డిగ్రీ అయి, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నాను కాబట్టి నిపుణుడి హోదాలో నన్ను వెంటబెట్టుకున్నాడు. అప్పటిదాకా వచ్చిన ముప్ఫై మూడు వరసల ముగ్గు ప్రింటు, రెండు ఫ్లాపీలు, మదర్‌బోర్డు కొలతలు గీసిన కాగితం సంచిలో వేసుకుని పాసింజరు ఎక్కాం.

రాజమండ్రి: సున్నాతో భాగహారం

తునిలో కొట్టుకి ఎవరైనా వస్తే "ఏం కావాలి?" అని అడుగుతాం. రాజమండ్రిలో ముందు "కూర్చోండి" అంటారు. ఏం కావాలో అడగడానికి పావుగంట పడుతుంది. ఈలోగా మన ఊరు, మన ఇంటిపేరు, మనం తిన్న టిఫిను తెలుసుకుంటారు. మేం తిన్నది పెసరట్టు ఉప్మా, ప్లేటు పన్నెండు రూపాయలు. మా ఊళ్ళో ఎనిమిది. కానీ మా ఊళ్ళో ఉప్మాని అట్టులో పెట్టి అడక్కుండా నెయ్యి పోయరు. ఆ నాలుగు రూపాయలూ నెయ్యికే అనుకుని సర్దుకున్నాం.

మెయిన్ రోడ్డు సందులో మేడ మీద కంప్యూటర్లు బాగుచేసే శ్రీను షాపు. అతనికి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఒక బల్ల మీద నాలుగు కంప్యూటర్లు పొట్టలు తెరుచుకుని పడున్నాయి. కూర్చోబెట్టి, టీ తెప్పించి, మా ఇంటిపేరు వాళ్ళ మేనత్త అత్తవారి ఇంటిపేరని తేల్చుకుని, అప్పుడు "చెప్పండి మాస్టారూ" అన్నాడు.

బాబాయి తను లెక్కల మాస్టారని చెప్పలేదు. ఈ జిల్లాలో చొక్కా జేబులో రెండు రంగుల పెన్నులుంటే చెప్పక్కర్లేదు.

పాత మెమరీ కావాలనగానే శ్రీను ఊరగాయ సీసా ఒకటి తీసి బల్ల మీద బోర్లించాడు. అందులో ఆవకాయ బదులు మెమరీ పలకలున్నాయి. అగ్గిపెట్టె కంటే పొడవు, బిస్కెట్టు కంటే పలచన. "ఒక్కోటి ఒక మెగాబైటండి. నాలుగేసి చొప్పునే పెట్టాలి, ముగ్గురినీ ఒకళ్ళనీ ఒప్పుకోదు. నాలుగూ కలిపి రెండొందలివ్వండి." కొత్తలో వీటి ధరకి స్కూటరుకి అడ్వాన్సు కట్టొచ్చు. బాబాయి నూట అరవైకి దించాడు. మాస్టారైనా రక్తంలో కిరాణా ఉంది.

కోప్రాసెసర్ అనగానే మాత్రం శ్రీను నవ్వాడు. "అదెక్కడ దొరుకుతుందండీ ఇప్పుడు? అయినా ఎందుకండీ ఈ తిప్పలు? ఫ్లాపీ ఉందిగా, ఇలా తెండి. నా పెంటియం మీద వేసి చూపిస్తా. కళ్ళు మూసి తెరిచేలోపు గీసేస్తుంది."

ఫ్లాపీ పెట్టాడు. కళ్ళు మూసి తెరిచేలోపు ప్రోగ్రామ్ ఆగిపోయింది. తెరమీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది.

"మాస్టారూ," శ్రీను మొహమాటంగా చూశాడు, "మీ ప్రోగ్రామ్ సున్నాతో భాగిస్తోందంటండి."

బాబాయి లేచి నిలబడ్డాడు. "ఏంటీ?"

"నేననట్లేదండి. కంప్యూటరంటోంది."

"ఇరవై ఆరేళ్ళ నుంచి పిల్లలకి చెప్తున్నానయ్యా, సున్నాతో భాగించకూడదని! సున్నాతో భాగించినవాళ్ళని బెంచీ ఎక్కించాను! నేను సున్నాతో భాగిస్తానా?"

"మీరు కాదండి. మెషీను మరీ ఫాస్టయిపోయిందండి. మీ ప్రోగ్రామ్ మొదలవగానే ఎంత వేగం ఉందో కొలుచుకుంటుంది. ఇక్కడ కొలిచేలోపే అయిపోతోంది. టైము సున్నా వస్తోంది. పాత ప్రోగ్రాములన్నిటికీ ఇదే జబ్బండి."

బాబాయి తెరమీది ఆ ఇంగ్లీషు ముక్కని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత "అయితే తప్పు వేగానిదన్నమాట" అని కూర్చున్నాడు. శ్రీను రెండో టీ తెప్పించాడు.

కొత్తది పనికిరాదు, పాతది చాలదు. కాబట్టి కావలసింది కొంచెం తొందరపడే పాతది. శ్రీను గోడవైపు చూసి ఆలోచించాడు. "ఇంటి ప్లాన్లు గీసేవాళ్ళ దగ్గర ఉండొచ్చండి. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి ఆ చిప్పు లేకపోతే నడిచేది కాదు. తణుకులో భాస్కరరావు గారని ఒకాయనున్నారు. ఆయన ఏదీ పారేయరు. ముప్ఫై ఏళ్ళ నాటి గొడుగు కూడా ఉంది ఆయన దగ్గర, నేను చూశాను."

మెట్లు దిగాక రోజ్ మిల్క్ తాగాం. చల్లగా, గులాబీ రంగులో ఉంది. దాని గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను రాయను. రెండోది కూడా తాగానని మాత్రం చెప్తాను. తర్వాత బాబాయి పూతరేకుల పెట్టెలు రెండు కొన్నాడు. ఒకటి భాస్కరరావు గారికి, ఒకరి ఇంటికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదు కదా. రెండోదాంట్లో రేకులు తీసి నాకిచ్చి, మెమరీ పలకల్ని శ్రీను ఇచ్చిన వెండిరంగు కవరుతో సహా అందులో భద్రంగా పెట్టాడు. బస్సులో నలగకుండా ఉంటాయని. ఆలోచన బాగుంది. పెట్టెలు రెండూ ఒకేలా ఉన్నాయి.

వంతెన మీద

మర్నాడు పొద్దున్నే కొవ్వూరు మీదుగా వెళ్ళే బస్సెక్కాం. వంతెన మీద పైన మా బస్సు, కింద రైలు, ఆ కింద గోదావరి. బస్సులో సగం మంది కిటికీల్లోంచి దణ్ణం పెట్టుకున్నారు. బాబాయి జేబులోంచి రూపాయి తీసి విసిరాడు. అది రెయిలింగుకి తగిలి టంగుమని రోడ్డు మీద పడింది.

"మాస్టారూ, ఆవిడకి చిల్లరొద్దంట" అన్నాడు కండక్టరు.

నది చాలా వెడల్పుగా ఉంది. మా తునిలో నీళ్ళంటే కుళాయి వచ్చే టైము. ఇక్కడ కొవ్వూరు దాటాక రోడ్డు పక్కనే కాలవ మనతోపాటు నడుస్తుంది. గేదెలు మెడదాకా దిగి, ఏ పనీ లేనట్టు బస్సుని చూస్తాయి. చిన్నప్పుడు వేసవి సెలవులకి పిన్నితో ఈ దారినే వెళ్ళేవాణ్ణి. కాలవ కనబడగానే పిన్ని నన్ను తట్టి లేపి "వచ్చేశాంరా సూరీ" అనేది. ఇంకా గంటన్నర ప్రయాణం ఉండేది. అయినా అలాగే అనేది. ఈసారి కాలవ రాగానే నాకు నేనే మెలకువ తెచ్చుకున్నాను. పక్కన బాబాయి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. "వచ్చేశాం" అందామనుకున్నాను గానీ టిక్కెట్లు ఆయన దగ్గరే ఉన్నాయి, ఆయనకి తెలుసు.

తణుకు: బొట్టు పెట్టిన చిప్పు

తణుకు గాలిలో బెల్లప్పాకం వాసన ఉంటుంది. చక్కెర మిల్లు ఆడే రోజులు. చెరుకు బళ్ళు వరసగా వెళ్తుంటే వెనక నుంచి గడలు లాగే పిల్లల్ని బండివాళ్ళు తిడుతున్నారు, కానీ వెనక్కి తిరగట్లేదు. అది ఆ ఊరి మర్యాదనుకుంటాను.

భాస్కరరావు గారికి అరవై దాటాయి. సగం తణుకు ఇళ్ళకి ప్లాన్లు గీసింది ఆయనే. మిగతా సగం ఆయన గీసిన ప్లాన్లు చూసి కట్టుకున్నారట. మమ్మల్ని చూడగానే లోపలికి కేకేశారు, "ఏమేవ్, ఇద్దరికి ఎక్కువ వండు!" మేం ఎవరమో ఆయన అప్పటికింకా అడగలేదు.

బాబాయి మర్యాదగా పెట్టె అందించాడు. "మొదటిసారి వస్తున్నామండి, ఇది ఉంచండి."

"అయ్యో, ఎందుకండీ ఇవన్నీ" అంటూ ఆయన మూత తీశారు. వెండిరంగు కవరు విప్పారు. ఒక పలక తీసి వెలుతురుకేసి పట్టుకుని చూశారు.

"ఇదేం స్వీటండీ?"

నేను గోడమీది క్యాలెండరు చాలా శ్రద్ధగా చదివాను. బాబాయి రెండో పెట్టె తీసి ఇచ్చి మొత్తం కథ చెప్పాడు. పిన్ని చెయ్యి సంగతి వచ్చేసరికి ఆయన పలకని మళ్ళీ కవర్లో పెట్టేశారు. "రండి" అని వెనక గదిలోకి తీసుకెళ్ళారు.

గదిలో బీరువా మీద ఆ గొడుగుంది. కింద బల్ల మీద పాత కంప్యూటరు. కేబినెట్ మీద గంధం, కుంకుమ, ఎండిన బంతిపువ్వు. "కొత్తది కొన్నాక కూడా దసరాకి దీనికి పూజ చేస్తానండి. దీని మీద అన్నం తిన్నాం" అంటూ ఆయన మూత విప్పారు. లోపల, బోర్డు నడిమధ్యన, మాకు కావలసిన కోప్రాసెసర్ ఉంది. దాని నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు ఉంది.

"చిప్పుకి కూడానా అండీ?" అన్నాను.

"పైన రేకుకి బొట్టు పెడితే ఏం లాభం బాబూ? అసలు లెక్కలు చేసేది ఇది కదా. ఏటా మూత విప్పి దీనికే పెడతాను."

తొమ్మిది దసరాల కుంకుమ పొరలు పొరలుగా ఉంది. అంచుల్లోకి పసుపు దిగింది. అంత జరిగినా ఆయన స్విచ్చి వేస్తే కంప్యూటరు మామూలుగా లేచింది. మేం కోర్సులో నేర్చుకున్న జాగ్రత్తలన్నీ నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చి, ఒక్కొక్కటే సిగ్గుపడి వెళ్ళిపోయాయి.

బాబాయి ధర అడిగాడు. ఆయన చెవులు మూసుకున్నారు. "పూజ చేసినదాన్ని అమ్ముతారా మాస్టారూ? తీసుకెళ్ళండి. ఆ ముగ్గు పూర్తయ్యాక నాకో కాపీ పంపండి, చాలు. ఏదీ, ఎంతదాకా వచ్చిందో చూడనివ్వండి."

ప్రింటు బల్ల మీద పరిచారు. భోజనం పిలుపు వచ్చినా ఆయన లేవలేదు. పెన్సిల్ తీసుకుని గీత వెంబడి పోవడం మొదలుపెట్టారు, ఇంటి ప్లానులో నీళ్ళ గొట్టం ఎటు పోతుందో చూసేవాడిలా. పావుగంట తర్వాత పెన్సిల్ ఆగింది.

"ఇది మొత్తం ఒకే గీతన్నారు కదూ?"

"ఒకటేనండి. అదే దాని గొప్ప."

"ఇక్కడ చూడండి. పదిహేడో వరసలో. ఈ ముక్క నాలుగు చుక్కలు చుట్టుకుని తనంతట తనే మూసుకుపోయింది. బయటి గీతతో దీనికి సంబంధం లేదు."

బాబాయి వంగి చూశాడు. నేనూ చూశాను. పెద్ద ముగ్గు మధ్యలో ఒక చిన్న గీత, తలుపు లేని గదిలా ఉంది.

ముప్ఫై మూడో వరస దగ్గర మెమరీ చాలలేదని మేం ఇల్లు విడిచి వచ్చాం. పిన్ని పదిహేడో వరస దగ్గరే తప్పింది. అంటే మరచిపోవడం మేం అనుకున్నదానికంటే ముందే మొదలైంది. ఇలాంటప్పుడు నేను ఏదో ఒక మాట అంటాను. వంకాయ కూర చాలా బాగుంది, అది మాత్రం చెప్పాను. భాస్కరరావు గారి భార్య ఇంకొంచెం వేశారు.

చిప్పుని ఆయనే సాకెట్లోంచి మెల్లగా పైకి లేపి, దూదిలో చుట్టి, కుంకుమ భరిణెలో పెట్టి ఇచ్చారు. "ఏ మూల ఎటుండాలో గుర్తుపెట్టుకోండి. తిప్పి పెడితే ఇంతే సంగతులు."

పెనుగొండ: పాలు పోసిన మనిషి

తణుకు నుంచి పెనుగొండకి వెళ్ళడం ముందే అనుకున్నది. చెయ్యి అతుక్కుంటే అమ్మవారికి చీర పెడతానని పిన్ని మొక్కుకుంది. వంకరగా అతుక్కున్నా మొక్కు మొక్కేనట. ఇప్పుడు ఇంకో పని కూడా తోడైంది. ఆ ముగ్గు చూసినవాళ్ళు ఎవరైనా ఉంటారేమో వెతకాలి.

మా వాళ్ళ అమ్మవారి గుడి కాబట్టి ఎక్కడెక్కడి కొట్లవాళ్ళో అక్కడ కలుస్తారు. లైనులో నిలబడి సత్రం గురించి మాట్లాడినంత భక్తిగా మినపగుళ్ళ ధర గురించీ మాట్లాడుకుంటారు. పిన్ని పంపిన చీర ఇచ్చి, దర్శనం చేసుకుని, పంక్తిలో పులిహోర తిని, పిన్ని వాళ్ళు ఉన్న వీధికి వెళ్ళాం. ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. వాకిలి మీద సిమెంటు పోసి మోటారు సైకిలు నిలబెట్టారు. దాని కింద నూనె మరక. చుట్టుపక్కల అంతా కొత్తవాళ్ళు.

"వెంకన్ననడగండి" అన్నారు ఒకావిడ. "ఈ వీధికి నలభై ఏళ్ళు పాలు పోశాడు."

వెంకన్న అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పిన్ని వాళ్ళమ్మ పేరు చెప్పగానే చుట్ట తీసేశాడు.

"ఆయమ్మ ముగ్గా! మరిచిపోతానాండీ! వాకిలి మొత్తం అదేనండి. కాలు పెట్టడానికి జాగా ఉండేది కాదు."

బాబాయి సంచిలోంచి ప్రింటు లాగుతున్నాడు.

"ఇదిగో, ఇక్కడ, ఈ మధ్యలో గీత ఎటు తిరిగేదో గుర్తుందా?"

వెంకన్న కాగితం దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. "నేను చూళ్ళేదండి."

"ఇప్పుడేగా మరిచిపోనన్నావు?"

"మరిచిపోలేదండి. తొక్కితే చెంబు విసురుతానందండి ఆయమ్మ. అంచు పట్టుకుని, గోడకి ఒరుసుకుంటూ, కాళ్ళు చూసుకుంటూ నడిచేవోణ్ణి. ముగ్గుకేసి ఎప్పుడు చూశానండీ? నా కాళ్ళే చూశాను." కాగితం తిరిగిస్తూ, "కానీ ఎంతసేపు ఏసేదో తెలుసండి. నేను ఈ చివర్నుంచి పోసుకుంటూ ఆ చివరికెళ్ళి తిరిగొచ్చేదాకా వంగిన నడుం ఎత్తేది కాదండి. చిన్నమ్మాయిగారు పక్కనే గొంతుక్కూర్చుని చూస్తా ఉండేది."

ఆ చిన్నమ్మాయిగారే మా పిన్ని.

నలభై ఏళ్ళు ఆ వాకిట్లో నడిచిన మనిషి దగ్గర మాకు దొరికింది అంతే. ప్రింటు మడిచి సంచిలో పెట్టాం. వెంకన్న బస్టాండు దాకా వచ్చాడు. "చిన్నమ్మాయిగార్ని అడిగానని చెప్పండి. ఇప్పుడు తొక్కినా ఎవరూ ఏమనరండి, ఆ వాకిట్లో" అన్నాడు.

తిరుగు బస్సులో బాబాయి ఒకే ఒక్క మాట మాట్లాడాడు. "ఒరే, పదిహేడో వరస సంగతి మీ పిన్నికి చెప్పకు."

మళ్ళీ తుని

కుంకుమని పాత పళ్ళ బ్రష్షుతో దులిపాం. పూర్తిగా పోలేదు. బాబాయి కూడా పూర్తిగా పోగొట్టాలని చూడలేదు. మూల సరిచూసి చిప్పుని ఖాళీ సాకెట్లో కూర్చోబెట్టాం. ఏడేళ్ళ తర్వాత మా కంప్యూటరుకి ఆ పన్ను వచ్చింది. మెమరీ పలకలు నాలుగూ టకటకా దిగాయి. స్విచ్చి వేస్తే టిక్కు టిక్కుమంటూ మెమరీ లెక్కపెట్టడం మొదలైంది. ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. పిన్ని వంటింట్లోంచి తడిచేత్తో వచ్చి నిలబడింది. ఆరు మెగాబైట్ల దాకా లెక్కపెట్టింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ప్రోగ్రామ్ తెరిచాం. ముప్ఫై మూడో వరస దగ్గర మెమరీ చాలదంది.

అప్పుడు నా కోర్సు పుస్తకం తీసి చదివితే తెలిసిందేమిటంటే, బాబాయి రాసిన రకం ప్రోగ్రాములు మొదటి ఆరు వందల నలభై కిలోబైట్లు దాటి బయటికి చూడలేవు. ఆరు మెగాబైట్లున్నా అరవై ఉన్నా వాటికి ఒకటే. ఈ విషయం నా కోర్సులో రెండో వారం చెప్పారట. నేను రెండో వారం వెళ్ళలేదు.

"అసలు ఒక్క ముగ్గుకి అంత చోటెందుకండీ?" అంది పిన్ని.

"ఒక్కటి కాదే. ప్రోగ్రామ్ మొదలవగానే నీ మూడు వందల పన్నెండు ముగ్గులూ మెమరీలోకి తెచ్చి పెట్టుకుంటుంది. నువ్వు ఏది అడిగినా వెంటనే చూపించడానికి."

పిన్ని ఆయనకేసి చూసింది. "ఒక్క చీర కట్టుకోవడానికి బీరువాలో చీరలన్నీ తీసి మంచం మీద పరుచుకుంటామా? ఏది కావాలో అదొక్కటే తీసుకోకూడదా?"

బాబాయి రూళ్ళ నోటుబుక్కు ముందుకి లాక్కున్నాడు. స్కూలు నుంచి వచ్చాక రెండు సాయంత్రాలు కూర్చుని ప్రోగ్రామ్ మార్చాడు. నూట అరవై రూపాయల మెమరీ పలకలు ఏ పనీ లేకుండా, ప్రభుత్వోద్యోగుల్లా నిబ్బరంగా ఉండిపోయాయి.

కోప్రాసెసర్ మాత్రం పనిచేసింది. నలభై నిమిషాల గీత రెండు నిమిషాల్లో పూర్తయింది. పిన్ని కుర్చీ ముందుకు లాక్కుంది. వరస చెప్పడం, గీత పరిగెత్తడం, ఇంకో వరస. ఆవిడ ఎడమ చేతి వేలు గాలిలో తిరుగుతూనే ఉంది. ముప్ఫై ఆరో వరస దగ్గర ఆ వేలు ఆగిపోయింది.

"ఆగండి. పైన ఏదో తప్పుంది. పదిహేడో వరసలో. అది ఎడమకి కాదు, కుడికి తిరగాలి."

నేను బాబాయికేసి చూడలేదు.

"అవునవును," అన్నాడు బాబాయి, ప్రశ్న పూర్తవకముందే చెయ్యెత్తే పిల్లాడిలా. "నువ్వు కుడే అన్నావు. నేనే ఎడమ కొట్టాను. పేపరు చదువుతూ కొట్టాను ఆ రోజు."

"నాకు తెలుసు. చెప్తుంటే వినరు" అంది పిన్ని. ఆవిడ మొహంలో అంత నిశ్చింత చూసి చాలా నెలలైంది.

తర్వాత నేను నోటుబుక్కు తీసి చూశాను. పదిహేడో వరస. బాబాయి గుండ్రటి అక్షరాల్లో 'ఎడమ' అని ఉంది. పక్కన టిక్కు, బ్రాకెట్లో 'రెండుసార్లు అడిగాను' అని ఉంది. ఆయన అబద్ధం చెప్పగా చూడటం నాకదే మొదటిసారి. వీధివాళ్ళు అనుకున్న ఆ సినిమాది లెక్కలోకి రాదు. నోటుబుక్కు ఎక్కడిదక్కడ పెట్టేశాను.

నలభై ఒకటో వరస అయ్యాక గీత బయల్దేరిన చోటికే వచ్చి కలిసింది. ఒకటే గీత. నాలుగు కాగితాలు అతికించి భాస్కరరావు గారికి పంపించాం. ఆయన పెన్సిల్ పెట్టి చూసుకునే ఉంటారు.

ఆ సాయంత్రం పిన్ని మొదట్నుంచీ ఒకసారి వేయించమంది. రెండు నిమిషాల్లో తెర నిండిపోయింది. ఆవిడకి నచ్చలేదు.

"ఇంత గబగబానా? మా అమ్మ ఇలా వేసేది కాదు."

బాబాయి, నేను మొహాలు చూసుకున్నాం. మూడు ఊళ్ళు తిరిగి తెచ్చిన వేగం అది. వెంకన్న చెప్పింది నాకు గుర్తొచ్చింది, వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేంతసేపని. కంప్యూటరు ముందు టర్బో అనే బటన్ ఒకటుంటుంది. నొక్కితే వేగం తగ్గిపోతుంది. ఎవరు ఎందుకు పెట్టారో అప్పటిదాకా మాకు అర్థం కాలేదు. నొక్కాను.

గీత మెల్లగా బయల్దేరింది. ఒక చుక్క చుట్టూ తిరిగి, ఇంకో చుక్క దగ్గర వంగి, నిదానంగా. పిన్ని కుర్చీలోంచి లేచి నేలమీద గొంతుక్కూర్చుంది. గీత పూర్తవడానికి పావుగంట పట్టింది.

టర్బో బటనూ రీసెట్ బటనూ ఒకే సైజులో పక్కపక్కనే ఉంటాయి. టర్బో ఎడమది, నొక్కితే తెరమీద గీసిందంతా చెరిపేసే రీసెట్ కుడిది. రీసెట్ మీద టేపు అంటించాం.